అసలో నకిలీయో మెయిల్ చెప్పదు

కంపెనీ పేరు మీద ఒక మెయిల్ వస్తుంది. పైన లోగో ఉంటుంది, కింద రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా ఉంటుంది, మొదటి వరసలోనే మన పేరు ఉంటుంది. కేవైసీ గడువు ఈ రాత్రితో ముగుస్తుందనో, రావలసిన రీఫండ్ ఆగిపోయిందనో, ఉద్యోగానికి ఎంపికయ్యారనో నాలుగు ముక్కలు రాసి, ఇక్కడ నొక్కండి అంటుంది. ఇది నిజంగా ఆ కంపెనీ పంపిందేనా, లేక కేటుగాళ్ల వలా? ఈ సందేహానికి బ్యాంకులు, పోలీసులు, పత్రికలు ఏళ్ల తరబడి ఒకే జవాబు చెబుతూ వస్తున్నాయి: జాగ్రత్తగా చూడండి. స్పెల్లింగ్ తప్పులున్నాయేమో చూడండి, లోగో వంకరగా ఉందేమో చూడండి, పంపినవారి అడ్రసు తేడాగా ఉందేమో చూడండి. ఈ సలహా తప్పని అనలేం కానీ దానికి కాలం చెల్లింది. పైగా, చూస్తే తెలిసిపోతుందన్న ధీమాను జనంలో పెంచి, ఆ ధీమా మీదే దెబ్బకొట్టే వీలు మోసగాళ్లకు ఇస్తోంది. మెయిల్ అసలుదో నకిలీదో ఆ మెయిల్‌లోనే వెతికితే దొరకదు. మనకు ముందే తెలిసిన వేరే దారిలో వెళ్లి అడిగితేనే దొరుకుతుంది. ఆ దారి తెరిచి ఉంచాల్సిన బాధ్యత మెయిళ్లు పంపే సంస్థలది. ఆ బాధ్యతను అవి ఇన్నాళ్లూ జనం నెత్తిన పెట్టి తప్పించుకున్నాయి.

చూసి పసిగట్టడం ఎంత కష్టమో తెలుసుకోవడానికి హైదరాబాద్‌లోని మహేష్ బ్యాంకు ఉదంతం చాలు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ మహేష్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి సైబర్ నేరగాళ్లు సుమారు 12 కోట్ల 48 లక్షల రూపాయలు కాజేశారు. తుపాకీ లేదు, గోడకు కన్నం లేదు. అంతకు రెండు నెలల ముందు, 2021 నవంబరులో, బ్యాంకు ఉద్యోగులకు విడతలవారీగా రెండు వందలకు పైగా మెయిళ్లు వచ్చాయని, వాటిలోని లింకును ఇద్దరు ఉద్యోగులు నొక్కారని హైదరాబాద్ పోలీసుల దర్యాప్తులో తేలింది. ఆ నొక్కుడుతో కంప్యూటర్లలోకి దూరిన ప్రోగ్రాం లోపలి వ్యవహారమంతా దొంగలకు చూపించింది. వాళ్లు ఓపిగ్గా కాచుకుని, ఒక వారాంతం చూసి డబ్బును దేశమంతటా వందల ఖాతాల్లోకి చెదరగొట్టారు. ఇక్కడ గమనించాల్సింది ఆ ఇద్దరి అజాగ్రత్తను కాదు. వాళ్లు బ్యాంకు ఉద్యోగులు, డబ్బు వ్యవహారాల్లో రోజూ మునిగితేలేవాళ్లు. మిగిలిన మెయిళ్లన్నీ గురి తప్పినా బ్యాంకు డబ్బు పోయింది. అంటే నూటికి తొంభైతొమ్మిది సార్లు సరిగ్గా పసిగట్టినా చాలలేదు. మోసగాడికి ఒక్కసారి తగిలితే చాలు, మనం మాత్రం ప్రతిసారీ గెలవాలి. ఇలాంటి పోటీలో కంటిచూపును నమ్ముకోమని చెప్పడం సలహా ఎలా అవుతుంది? రిజర్వు బ్యాంకు కూడా 2023లో జరిమానా వేసింది ఆ ఇద్దరు ఉద్యోగులకు కాదు, సైబర్ భద్రత నియమాలు పాటించనందుకు బ్యాంకుకు, 65 లక్షల రూపాయలు. తప్పు ఎక్కడుందో రిజర్వు బ్యాంకు గుర్తించింది. మామూలు ఖాతాదారు మోసపోయినప్పుడు మాత్రం మనం ఇంకా అతని వేలినే తప్పుపడుతున్నాం.

సహకార బ్యాంకు సంగతి సరే, పెద్ద కంపెనీలైతే ఇలా పడవులే అనుకోవడానికీ లేదు. గూగుల్, ఫేస్‌బుక్ రెండింటినీ లిథువేనియాకు చెందిన ఒకే వ్యక్తి 2013 నుంచి 2015 దాకా మెయిళ్లతో, దొంగ బిల్లులతో మోసం చేసి 12 కోట్ల డాలర్లకు పైగా రాబట్టాడు. ఆ రెండు కంపెనీలకూ నిజంగానే సామాన్లు సరఫరా చేసే తైవాన్ సంస్థ క్వాంటా కంప్యూటర్ పేరుతో లాట్వియాలో ఇంకో కంపెనీ రిజిస్టర్ చేయించి, ఆ పేరు మీద బిల్లులు పంపాడు. 2019లో అమెరికా కోర్టు అతనికి ఐదేళ్ల జైలు వేసింది. 2016 మార్చిలో హిల్లరీ క్లింటన్ ఎన్నికల ప్రచార సారథి జాన్ పొడెస్టాకు, పాస్‌వర్డ్ మార్చుకోండంటూ గూగుల్ పేరుతో ఒక మెయిల్ వచ్చింది. ఆయన సిబ్బంది దాన్ని నమ్మేయలేదు, సాంకేతిక విభాగాన్ని అడిగారు. అక్కడి ఉద్యోగి అది అసలుదే అని రాశాడు, నకిలీ అని రాయబోయి అలా రాశానని తర్వాత చెప్పుకున్నాడు. ఇంటర్నెట్‌ను నడిపే కంపెనీ మోసపోయింది, ఆ పనికే జీతం తీసుకునే నిపుణుడు పొరబడ్డాడు. అనకాపల్లి జిల్లా కోటవురట్లలో ట్యూషన్లు చెప్పుకునే డిగ్రీ కుర్రాడు పసిగట్టలేదని ఏ మొహం పెట్టుకుని అంటాం?

దీనికి కారణం మెయిల్ పుట్టుకలోనే ఉంది. ఈరోజుకీ మెయిళ్లను మోసుకెళ్తున్న పద్ధతి 1982లో రాసుకున్నది. ఒకరినొకరు ఎరిగిన కొద్దిమంది శాస్త్రవేత్తల కోసం తయారైంది కాబట్టి, పంపినవాడు చెప్పుకున్న పేరు నిజమో కాదో చూసే ఏర్పాటు అందులో లేదు. పోస్టు కవరు మీద ఎడమవైపు ఎవరి చిరునామా రాసినా పోస్టాఫీసు ఆపదు కదా, ఇదీ అంతే. ఆ తర్వాత ఎస్పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ అనే తనిఖీలు వచ్చాయి. పెద్ద సంఖ్యలో మెయిళ్లు పంపేవాళ్లు వీటిని పాటించి తీరాలని గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి పట్టుబడుతున్నాయి. దీనివల్ల కొంత మేలు జరిగింది, కాదనలేం. కానీ ఈ తనిఖీలు చెప్పేది ఒక్కటే, ఈ మెయిల్ ఫలానా డొమైన్ నుంచే వచ్చిందని. ఆ డొమైన్ ఎవరిదో, వాడు మంచివాడో కాడో అవి చెప్పవు. బ్యాంకు పేరుకు ఒక గీతో, ఒక అక్షరమో తగిలించి కొన్ని వందల రూపాయలకు కొత్త డొమైన్ కొనుక్కున్న దొంగ కూడా ఈ పరీక్షలన్నీ నిక్షేపంగా పాసవుతాడు. బ్రౌజర్‌లో కనిపించే తాళం గుర్తు కూడా అలాంటిదే. మధ్యలో ఎవరూ చదవకుండా రాతను దాచిపెట్టారని దాని అర్థం, అవతల ఉన్నవాడు నిజాయితీపరుడని కాదు. ఆ తాళం ఉచితంగానే దొరుకుతోంది. ఇక అడ్రసును కుడి నుంచి ఎడమకు చదవాలి, చివరనున్న డాట్ కామ్, డాట్ కో డాట్ ఇన్ లాంటి తోకకు సరిగ్గా ముందున్న పేరే అసలు యజమానిది అన్న సూత్రం నిజమే కానీ, చేతిలో ఉన్నది ఆరంగుళాల ఫోను. అందులో అడ్రసు కనబడదు, పంపినవాడు పెట్టుకున్న పేరే కనబడుతుంది.

ఒకప్పుడు భాష మనల్ని కొంత కాపాడింది. దొంగ మెయిళ్లలో ఇంగ్లిషు కుంటుతూ ఉండేది, తెలుగైతే చదవగానే నవ్వొచ్చేది. కృత్రిమ మేధ వచ్చాక ఆ కంచె కూలిపోయింది. ఏ భాషలో కావాలంటే ఆ భాషలో, ఏ ఆఫీసు బాణీలో కావాలంటే ఆ బాణీలో తప్పులేని ఉత్తరం నిమిషంలో తయారవుతోంది. అసలు ఈ పని చేసేవాళ్లు ఎక్కడో చీకటి గదిలో ఒంటరిగా కూర్చున్న హ్యాకర్లన్న ఊహ కూడా పాతబడింది. 2025 మేలో అనకాపల్లి జిల్లా పోలీసులు అచ్యుతాపురంలో ఒక కాల్ సెంటర్ గుట్టు రట్టు చేశారు. అమెజాన్ ప్రతినిధులమని చెప్పి అమెరికా పౌరులకు ఫోన్లు చేసి, మీ ఖాతాలో ఏదో తప్పు ఆర్డరు పడిందని భయపెట్టి, గిఫ్టు కార్డుల రూపంలో డబ్బు లాగడం అక్కడి పని. ముప్పై మందికి పైగా అరెస్టయ్యారు. కోటవురట్ల ఉన్న జిల్లాలోనే, జీతాలిచ్చి, ఏం మాట్లాడాలో రాసిచ్చి, ఒక ఆఫీసులాగా నడిపిన దందా ఇది. అమెరికాలో ఉన్న ముసలాయన మనవాళ్ల గొంతు విని అమెజాన్ అనుకున్నట్టే, ఇక్కడివాళ్లు ఇంకెక్కడివాళ్ల రాతో చూసి తమ బ్యాంకు అనుకుంటారు. ఇందులో తెలివికి సంబంధించిన తేడా ఏమీ లేదు.

దొంగలు కంపెనీల్లా రాయడం నేర్చుకున్నారని అందరూ అంటారు. కంపెనీలు దొంగల్లా రాస్తున్న సంగతి ఎవరూ అనరు. బ్యాంకు పంపే నిజమైన సందేశాలనే తీసుకోండి. ఇరవైనాలుగు గంటల్లో చేయకపోతే సేవలు ఆగిపోతాయన్న తొందర, ఎక్కడికి తీసుకెళ్తుందో తెలియని పొట్టి లింకు, బ్యాంకు పేరుకు సంబంధం లేని ఏదో ఏజెన్సీ అడ్రసు, పరిమిత కాలపు ఆఫరంటూ ఊరింపు, వీటిలో దేనికీ కొదవ ఉండదు. ఒక రోజు ‘మేము ఎప్పుడూ లింకులు పంపం, తెలియని లింకులు నొక్కకండి’ అని సందేశం పంపిన సంస్థే మర్నాడు ‘ప్రీ అప్రూవ్డ్ లోను కోసం ఈ లింకు నొక్కండి’ అంటుంది. నొక్కితే తిడతారు, నొక్కకపోతే సేవ ఆపేస్తారు. ఈ రెండు నాల్కల తీరు వల్ల జనానికి జరుగుతున్న శిక్షణ ఏమిటి? తొందరపెట్టే సందేశానికి వెంటనే తలొగ్గడమే మర్యాదగల ఖాతాదారు లక్షణమని అసలు సంస్థలే నేర్పుతున్నాయి, ఆ చదువును మోసగాళ్లు వాడుకుంటున్నారు. అసలుకూ నకిలీకీ తేడా చెరిపేసిన నేరంలో సగం వాటా సంస్థలదే అని నేనంటున్నది అందుకే.

కోటవురట్ల లాంటి మండల కేంద్రంలో మెయిల్ చూసేదెవరు, ఇదంతా హైటెక్ సిటీ గొడవ కదా అని కొందరికి అనిపించవచ్చు. వలకు రూపాలు అనేకమన్నది నిజమే. పీఎం కిసాన్ డబ్బులనో, ట్రాఫిక్ చలానా అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు (నొక్కితే ఫోనులోకి యాప్‌ను ఎక్కించేది), కరెంటు బిల్లు కట్టలేదని వచ్చే ఎస్సెమ్మెస్, కొరియర్ పార్సిల్ ఆగిందన్న కబురు, ఇవన్నీ ఒకే తల్లి పిల్లలు. కానీ మెయిల్ ఇక్కడికి రాలేదనుకోవడం పొరపాటు. ఆండ్రాయిడ్ ఫోను ఉన్న దాదాపు ప్రతి ఇంట్లో ఒక జీమెయిల్ ఖాతా ఉంది. ఆ ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే ఉద్యోగాల ఉత్తరప్రత్యుత్తరాలన్నీ దానిలోనే. చుట్టూ అచ్యుతాపురం సెజ్, పరవాడ ఫార్మాసిటీ, రాబోయే పరిశ్రమలతో నక్కపల్లి, కొంచెం దూరాన విశాఖ ఉక్కు, రిఫైనరీ. వీటిలో ఏదో ఒకదాని పేరుతో ఆఫర్ లెటర్ వస్తే నమ్మడానికి ఈ ప్రాంతపు నిరుద్యోగికి బలమైన కారణమే ఉంది. తనకు తెలిసినవాళ్లు నిజంగానే ఆ గేట్లలోంచి డ్యూటీకి వెళ్లి వస్తుంటారు. ఆ ఆశ అత్యాశేమీ కాదు. సెక్యూరిటీ డిపాజిట్ అనీ, శిక్షణ రుసుము అనీ, మెడికల్ టెస్టు ఖర్చనీ కొన్ని వేలు పంపమన్నప్పుడు తండ్రి అప్పు చేసి పంపేదీ అందుకే.

ఈ ఉద్యోగ మోసం డబ్బుతో ఆగని సందర్భమూ మనం చూశాం. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం అది. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి, ఒక్కొక్కరి దగ్గర లక్షన్నర రూపాయల దాకా గుంజి, ఉత్తరాంధ్ర కుర్రాళ్లను కంబోడియాకు తరలించి చైనా ముఠాల చేతుల్లో పెట్టారు. అక్కడ వాళ్లతో చేయించిన పని సాటి భారతీయులనే ఆన్‌లైన్‌లో మోసం చేయడం. ఎదురు తిరిగితే తిండి పెట్టకుండా, కొట్టి హింసించారు. అక్కడ చిక్కుకున్నవాళ్లు తిరగబడ్డాక ప్రభుత్వం జోక్యం చేసుకుని విడతలుగా వెనక్కి తెచ్చింది. ఇందులో మనకు కావలసిన పాఠం ఒకటుంది. విదేశాలకు మనుషులను పంపే ఏజెంట్లు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టర్ కావాలి, వాళ్ల పేర్లు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉంటాయి, వాళ్లు తీసుకోదగ్గ సేవా రుసుము 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. అంటే ఆఫర్ లెటర్‌ను భూతద్దంలో చూడనక్కర్లేదు. లక్షన్నర అడిగారంటేనే అది చట్టం దాటిన లెక్క. ఈ సంగతి తెలుసుకోవడానికి ఆ కాగితం పనికిరాదు, దాని బయట ఉన్న ప్రభుత్వ జాబితా పనికొస్తుంది. కాగితం ఎంత అందంగా ఉన్నా ఆ జాబితాలోకి పేరు ఎక్కించలేదు.

కాబట్టి పద్ధతి ఒక్కటే. సందేశం వచ్చిన దారిలో జవాబివ్వకూడదు. అందులో ఉన్న లింకు, ఫోను నంబరు, క్యూఆర్ కోడ్, జత చేసిన ఫైలు, వీటిలో దేన్నీ ముట్టుకోకుండా దాన్ని పక్కన పెట్టి, అది రాకముందు నుంచీ మన దగ్గరున్న ఆధారంతో ఆ సంస్థను మనమే పలకరించాలి. బ్యాంకు అయితే కార్డు వెనక ఉన్న నంబరు, పాస్‌బుక్ మీద ఉన్న నంబరు, లేదా నేరుగా శాఖ. కరెంటు అయితే పాత బిల్లు మీదున్న నంబరు, లేదా సబ్‌స్టేషన్. రైతు పథకమైతే రైతు సేవా కేంద్రం, గ్రామ సచివాలయం, లేదా గవ్ డాట్ ఇన్ అని ముగిసే వెబ్‌సైటును మనమే టైపు చేసుకోవడం. ఉద్యోగమైతే కంపెనీ సొంత వెబ్‌సైటులో కెరీర్స్ పేజీ, లేదా ఫ్యాక్టరీ గేటు దగ్గర టైమ్ ఆఫీసు. గూగుల్‌లో కస్టమర్ కేర్ అని వెతకడం ఇందులోకి రాదు. అక్కడ కూడా దొంగ నంబర్లు పరచి ఉంచారు. అది మనకు ముందే తెలిసిన దారి కాదు, అప్పటికప్పుడు దొరికిన దారి. నిజానికి ఈ విషయంలో చిన్న ఊరికి ఒక సదుపాయం ఉంది. మహానగరంలో ఉన్నవాడు బ్యాంకు మేనేజరును చూసి ఏళ్లవుతుంది. మండల కేంద్రంలో పదిమందికీ బ్యాంకు గుమాస్తా మొహం తెలుసు, లైన్‌మన్ పేరు తెలుసు, సచివాలయం ఎక్కడుందో తెలుసు. నకిలీ మెయిల్‌కు విరుగుడుగా ఇంతకంటే బలమైన సాంకేతికత ఇంకా రాలేదు.

ప్రతిదానికీ ఇలా తిరిగి కనుక్కోవాలంటే ఎవరికి తీరిక, ఈలోగా గడువు దాటితే నష్టం ఎవరిది అన్న అభ్యంతరం వస్తుంది. న్యాయమైన అభ్యంతరమే. కానీ ఆ గడువు నిజమైనదేనా అని ఒక్కసారి ఆలోచించాలి. ఈ రాత్రి తొమ్మిదిన్నరకు కరెంటు కట్ చేస్తామని సందేశం వస్తుంది. 2003 నాటి విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం, బకాయి ఉన్న వినియోగదారుకు లిఖితపూర్వకంగా పూర్తి పదిహేను రోజుల నోటీసు ఇవ్వకుండా సరఫరా ఆపడానికి వీల్లేదు. అంటే చట్టం పదిహేను రోజులిచ్చిన చోట దొంగ రెండు గంటలే ఇస్తున్నాడు. ఉద్యోగం కూడా అంతే. ఒక మనిషిని ఏళ్ల తరబడి పనిలో పెట్టుకోబోయే కంపెనీ, గేటు దగ్గరికి వచ్చి కనుక్కుంటానంటే ఒక్క రోజు ఆగలేదా? వీడియో కాల్‌లోనే డిజిటల్ అరెస్టు అంటూ బెదిరించేవాళ్లూ ఈ తొందర మీదే బతుకుతున్నారు, అలాంటి అరెస్టు మన చట్టంలో ఎక్కడా లేదు. అసలు సంస్థలకు ఒక రోజు ఆలస్యంతో పోయేదేమీ ఉండదు. మోసగాడికి మాత్రం ఒక రోజు ఇస్తే అంతా పోతుంది, ఎందుకంటే ఆ రోజులో మనం ఎవరో ఒకరిని అడుగుతాం. అందుకే తీరిక లేనప్పుడు చేయాల్సింది తొందరగా నొక్కడం కాదు, తీరిక దొరికేదాకా నొక్కకుండా ఉండటం. ఇలా కనుక్కుంటే నిజమైన ఆఫర్ లెటర్ ఎక్కడికీ పోదు, నిజమైన రీఫండ్ ఎవరి ఖాతాలోకీ మారదు.

ఇంకో మాట తరచూ వినబడుతుంది: ఆశపోతులే మోసపోతారు, చదువుకున్నవాళ్లు ఇలా పడటమేమిటి అని. ఇది వినడానికి నీతివాక్యంలా ఉంటుంది కానీ లెక్కకు నిలవదు. కేంద్ర హోంశాఖ పార్లమెంటుకు చెప్పిన అంకెల ప్రకారం సైబర్ మోసాల్లో భారతీయులు 2023లో పోగొట్టుకున్నది సుమారు 7,465 కోట్ల రూపాయలైతే 2024లో అది 22,845 కోట్లకు చేరింది. ఒక్క ఏడాదిలో మూడింతలు. దేశ ప్రజల అత్యాశ ఒక్క ఏడాదిలో మూడింతలు పెరగదు కదా. పెరిగింది మోసగాళ్ల సరంజామా, మన బతుకంతా ఫోనులోకి ఎక్కిన వేగం. పైగా ఈ మోసాల్లో ఎన్నో ఆశమీద కాక భయంమీద, మర్యాదమీద నడుస్తాయి. ఖాతా ఆగిపోతుందన్న భయం, పై అధికారి మెయిల్ చేశాడు కాబట్టి వెంటనే చేయాలన్న విధేయత. బాధితుడిని వెక్కిరించడం వల్ల దొంగకు ఇంకో లాభం కూడా ఉంది. పరువు పోతుందని బాధితుడు నోరు విప్పడు. నోరు విప్పని ప్రతి గంటా డబ్బు ఇంకో ఖాతాకు జారిపోతుంది. 1930 నంబరుకు వెంటనే ఫోను చేస్తే ఆ డబ్బును మధ్యలో నిలిపే అవకాశం ఉంటుంది, సైబర్ క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు చేయవచ్చు. సిగ్గు తగ్గితే ఫిర్యాదు త్వరగా అందుతుంది.

చట్టం ఎవరివైపు ఉంది? 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాకుండా మధ్యలో ఇంకెక్కడో జరిగితే, మూడు పనిదినాల్లోగా చెప్పిన ఖాతాదారుకు నష్టం అంటగట్టకూడదు. నిర్లక్ష్యం ఖాతాదారుదైతే మాత్రం అతను ఫిర్యాదు చేసేదాకా జరిగిన నష్టం అతనిదే. వినడానికి సమంజసమే. కానీ ఆచరణలో ఎక్కడ చూసినా ‘మీరే లింకు నొక్కారు, మీరే ఓటీపీ చెప్పారు’ అన్న ఒక్క మాటతో బ్యాంకులు ఫైలు మూసేస్తున్నాయి. అస్సాంలో ఒక ఖాతాదారుకు ఇలాగే జరిగింది. ఆన్‌లైన్‌లో బట్టలు కొని తిరిగి పంపబోతే, ఆ దుకాణం కస్టమర్ కేర్ అంటూ ఫోను వచ్చింది, చెప్పిన యాప్ వేసుకున్నాడు, 94,204 రూపాయలు పోయాయి. దుకాణం వెబ్‌సైటు నుంచి వివరాలు అంతకుముందే బయటికి పొక్కాయి. తప్పంతా ఖాతాదారుదేనని స్టేట్ బ్యాంకు వాదించింది. గౌహతి హైకోర్టు ఒప్పుకోలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు కూడా బ్యాంకు పిటిషన్‌ను కొట్టేసింది. ఇరవైనాలుగు గంటల్లోపే ఫిర్యాదు అందిందని, ఇలాంటి లావాదేవీలను పసిగట్టి ఆపే సాధనాలు బ్యాంకుల దగ్గరే ఉన్నాయని గుర్తుచేసింది. ఓటీపీలను ఎవరికీ చెప్పకుండా ఖాతాదారు కూడా జాగ్రత్తగా ఉండాలని అదే తీర్పు హెచ్చరించింది. ఇద్దరికీ బాధ్యత ఉంది, కానీ సాధనాలు ఎవరి చేతిలో ఉన్నాయో వారి బాధ్యత పెద్దదన్నది ఇందులోని సారం. లక్ష రూపాయల లోపు మొత్తం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లే ఓపిక ఎంతమందికి ఉంటుంది? అందుకే కోర్టుల కంటే ముందు నియమాలు మారాలి.

మార్పు ఏ దిశలో రావాలో చూపే ఆనవాళ్లు కొన్ని ఉన్నాయి. బ్యాంకుల వెబ్‌సైట్లన్నీ బ్యాంక్ డాట్ ఇన్ అన్న చిరునామాలోకి మారాలని 2025లో రిజర్వు బ్యాంకు ఆదేశించి, అక్టోబరు 31 గడువు పెట్టింది. ఆ చిరునామా బ్యాంకులకు తప్ప ఇంకెవరికీ ఇవ్వరు, ఇచ్చే అధికారం బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ అయిన హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ ఒక్కదానికే ఉంది. దొంగ ఎంత డబ్బు పెట్టినా ఆ ముద్ర కొనుక్కోలేడు. బ్యాంకులు, ఆర్థిక సంస్థల ఫోన్లకు 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు. ఎస్సెమ్మెస్ పంపినవారి పేరు చివర ప్రకటనకు పీ, సేవకు ఎస్, లావాదేవీకి టీ, ప్రభుత్వానికి జీ అన్న అక్షరం ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025లో నియమం పెట్టింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అదే ఏడాది జనవరి 30న మొదలుపెట్టిన ‘మన మిత్ర’ వాట్సాప్ సేవకు 95523 00009 అన్న ఒకే నంబరు ఉంది. పౌరుడే అక్కడికి వెళ్లి పలకరిస్తే పని జరుగుతుంది. వీటన్నిటిలో ఉన్న సుగుణం ఒకటే. ఇవి మన కళ్లకు పరీక్ష పెట్టవు, దొంగకు దొరకని ఒక స్థలాన్ని ముందే గుర్తుపెట్టి ఇస్తాయి.

కానీ ఇవి చాలవు. సుగుణం ఉన్న చిరునామా నుంచి కూడా ఇక్కడ నొక్కండి అన్న సందేశమే వస్తుంటే, జనానికి అలవాటయ్యేది నొక్కడమే కదా. కాబట్టి డబ్బుతో, ఉద్యోగాలతో, పథకాలతో సంబంధం ఉన్న ప్రతి సంస్థా ఒక నియమానికి కట్టుబడాలి. ఖాతాదారు ఏదైనా చేయాల్సి వస్తే, ‘మా యాప్‌ను మీరే తెరిచి చూడండి, లేదా శాఖకు రండి’ అని మాత్రమే రాయాలి. లింకు ఉండకూడదు, జత చేసిన ఫైలు ఉండకూడదు, రెండు రోజులకు తక్కువ గడువు ఉండకూడదు. ఉద్యోగమిచ్చే కంపెనీలు ఎంపికైనవారి దరఖాస్తు నంబర్లను తమ వెబ్‌సైటులో పెట్టాలి, సందేహమున్న వ్యక్తి అడిగితే జవాబు చెప్పే మనిషిని గేటు దగ్గర కూర్చోబెట్టాలి. ఈ నియమం ఉన్నాక ఖాతాదారుకు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే మిగులుతుంది: లింకు ఉంటే అది మా బ్యాంకుది కాదు. ఎనభై ఏళ్ల అవ్వకు కూడా ఈ ముక్క ఒక్కసారి చెబితే చాలు.

కంపెనీలు దీనికి ఒప్పుకోవని తెలుసు. లింకు తీసేస్తే లోన్లు, పాలసీలు అమ్ముడుపోవడం తగ్గుతుంది, ఖాతాదారులకు సౌకర్యం పోతుంది అంటాయి. సౌకర్యం ఎవరికన్నది తేల్చుకోవాలి. ఒక నొక్కు బదులు రెండు నొక్కులతో తన యాప్ తాను తెరుచుకోవడం ఖాతాదారుకు పెద్ద కష్టం కాదు. అమ్మకాలు కొంత తగ్గడం కంపెనీకి కష్టమే, కానీ ఆ అమ్మకాల కోసం పెంచిన అలవాటే దొంగకు పెట్టుబడి అవుతున్నప్పుడు ఆ కష్టం భరించాల్సింది వాళ్లే. ఇంకో అడ్డంకి కౌంటర్లు. ప్రతి పనికీ ఆన్‌లైన్‌లో చేసుకోండంటూ బ్యాంకులు జనాన్ని గుమ్మంలోంచే వెనక్కి పంపుతుంటే, అడిగి తెలుసుకునే దారి మూసుకుపోతుంది. ఖర్చు తగ్గించుకోవడానికి మనుషులను తీసేసి, ఆ తర్వాత జనం మెయిల్‌ను నమ్మారని నిందించడం న్యాయం కాదు. సందేహాలకు జవాబు చెప్పే ఒక మనిషి ప్రతి శాఖలో ఉండటం కూడా సైబర్ భద్రతలో భాగమేనని రిజర్వు బ్యాంకు గుర్తించాలి.

కోటవురట్ల పాయకరావుపేట నియోజకవర్గంలో ఉంది. ఆ నియోజకవర్గ శాసనసభ్యురాలు వంగలపూడి అనిత రాష్ట్ర హోంమంత్రి. సైబర్ నేరాలపై అవగాహన సదస్సులు, ర్యాలీలు బాగానే జరుగుతున్నాయి, జరగాలి కూడా. అయితే రాష్ట్రం చేతిలో అంతకంటే పదునైన పని ఒకటుంది. విద్యుత్ పంపిణీ సంస్థలు, విశ్వవిద్యాలయాలు, కార్పొరేషన్లు, సంక్షేమ శాఖలు, వీటన్నిటికీ రాష్ట్రమే యజమాని. తన పేరుతో వెళ్లే ఏ సందేశంలోనూ లింకు, ఫైలు ఉండవని, పని ఉంటే పౌరుడే మన మిత్రకో సచివాలయానికో రావాలని ఒక్క ఉత్తర్వు ఇచ్చి, ఆ మాటను ప్రతి సచివాలయం గోడమీద, ప్రతి కరెంటు బిల్లు వెనక అచ్చు వేయిస్తే చాలు. ఆ పేర్లతో నడిచే మోసం పునాదే కదులుతుంది. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద బడ్జెట్టు అక్కర్లేదు. రాష్ట్రం ముందు పాటించి చూపితే, లింకులు పంపే బ్యాంకులను, కంపెనీలను అదే పని చేయమని నిలదీసే హక్కు దానికి వస్తుంది. ఆ ఉత్తర్వు వచ్చేదాకా పౌరుడి చేతిలో ఉన్నది ఒక్కటే, వచ్చిన సందేశానికి అదే దారిలో జవాబివ్వకపోవడం. దాన్ని అలవాటు చేసుకున్నవాడికి మెయిల్ అసలుదా నకిలీదా అని తేల్చాల్సిన అవసరమే రాదు.